ఆ ఏడు తలలూ మీ అబ్బాయి చేతే లెక్కపెట్టించండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. యూత్ మీటింగ్‌లో ఎవరో బైబిల్లో ప్రకటన గ్రంథంలోని 666 అంటే బార్‌కోడ్ అని, తొమ్మిదో అధ్యాయంలో మిడతలంటే హెలికాప్టర్లని చెప్పారట. అప్పట్నుంచి వాడికి ఒకటే టెన్షన్. ఏడు తలల మృగం నిజంగా వస్తుందా అని రాత్రిళ్లు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఈ పుస్తకం మొదట అందింది ఎఫెసు, స్ముర్న, లవొదికయ లాంటి ఏడు ఊళ్ల సంఘాలకి. అవన్నీ ఇప్పటి టర్కీలో ఉన్నాయి, అప్పుడు రోమా చక్రవర్తి ఏలుబడిలో ఉండేవి. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు కూర్చుని వినేవారు. వాళ్లకి ఒక్క ముక్క కూడా అర్థం కాని బార్‌కోడ్ గురించి ఉత్తరం రాస్తారా?

మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రకటన 13, పాత నిబంధనలోని దానియేలు 7 రెండూ తెరవండి. దానియేలు చూసినవి సింహం, ఎలుగుబంటి, చిరుతపులి, పది కొమ్ములున్న ఇంకో జంతువు. అవి రాజులూ రాజ్యాలూ అని ఆ అధ్యాయంలోనే ఉంది. ప్రకటన రాసిన యోహాను ఆ నాలుగింటినీ ఒకే ఒంట్లో కలిపేశాడు: ఒళ్లు చిరుతపులిది, పాదాలు ఎలుగుబంటివి, నోరు సింహానిది. దానియేలు చూసిన చిరుతకి నాలుగు తలలు, మిగతా మూడింటికీ ఒక్కోటి, మొత్తం ఎన్నో వాణ్నే లెక్కపెట్టమనండి! పైగా ఏడు తలలు ఏడు కొండలని ప్రకటన 17:9 చెబుతుంది. ఏడు కొండల నగరమంటే రోమ్ అని అప్పట్లో ఎవరికి తెలియదు?

666 కూడా అంతే, ఆ మృగం సంఖ్య ఒక మనిషి సంఖ్య అని అక్కడే రాసి ఉంది. హీబ్రూలో అంకెలకి అక్షరాలే వాడేవారు, మన బైబిల్లో 119వ కీర్తన మధ్యమధ్యలో కనబడే ఆలెఫ్, బేత్‌లు అవే. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరు ఆ అక్షరాల్లో రాయండి: నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, ఖొఫ్ 100, సామెహ్ 60, రేష్ 200. కూడితే 666. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉంది. లాటిన్ పలుకుబడిలో నీరో పేరు చివర నూన్ ఉండదు, 50 తగ్గుతుంది, లెక్క సరిపోయింది. చాలామంది పండితులు దీన్నే ఒప్పుకుంటారు, నాకూ ఇదే సబబనిపిస్తుంది. అలాగని నీరోతోనే మృగం పని అయిపోయిందని నేననను, జనం చేత మొక్కించుకునే రాజ్యాలు ఆ తర్వాతా వచ్చాయి.

ఇక మిడతలు. సింహపు కోరలు, గుర్రాల రూపం, రథాల చప్పుడు అన్నీ పాత నిబంధనలోని యోవేలు పుస్తకంలో ముందే ఉన్నాయి. యోవేలు నాటికి హెలికాప్టర్ ఎక్కడిదో ఆ మీటింగ్ పెద్దమనిషిని మీ వాడే అడగొచ్చు, కాస్త మర్యాదగా.