ఫెజెంట్ వేటకి ఏ తుపాకీ, ఏ తూటాలు, ఎలాంటి కుక్క? మిన్నెసోటా నుంచి నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. అక్టోబర్ రాగానే ఆఫీసులో సగం మంది ఫెజెంట్ (కోడి లాంటి అడవి పక్షి) వేటకి వెళ్తుంటే మీకూ వెళ్లాలనిపించింది. జింకల వేట కోసం కొన్న .308 రైఫిల్ ఉంది, దానికి ఏ తూటాలు వాడాలి, లాబ్రడార్ పిల్లని తెచ్చుకుంటే ఎప్పటి నుంచి వెంట తీసుకెళ్లొచ్చు అని అడిగారు. నేను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ట్విన్ సిటీస్ (మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాలు) శివార్లలోనే ఉంటాను, పదకొండు సీజన్లుగా వెళ్తున్నాను. పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో. తుపాకీ అంటే బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు చేతిలో చూడటమే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి ఇది నేర్పే పెద్దవాళ్లు మన ఇళ్లల్లో లేరు. ఇక్కడివాళ్లు పదేళ్ల వయసులో నాన్న వెనక నడిచి నేర్చుకున్నది మనం అడిగి తెలుసుకోవాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రైఫిల్ సంగతి. దాన్ని ఇంట్లోనే ఉంచండి. ఎగిరే పక్షి మీద రైఫిల్ పేల్చకూడదు. పైకి వదిలిన తూటా ఎక్కడో ఒకచోట దిగాలి కదా. చిన్న .22 తూటాయే మైలు పైన పోగలదు, .308 అయితే ఇంకా చాలా దూరం పోతుంది. ఆ మొక్కజొన్న చేలకి అవతల ఎవరి ఇల్లుందో, ఏ రోడ్డుందో మీకు కనిపించదు. పక్షులకి షాట్‌గన్ కావాలి. దాని తూటాని షెల్ అంటారు, ఒక షెల్‌లో వందకు పైగా చిన్న గుళ్ళుంటాయి, అవి కొన్ని వందల గజాల్లోనే నేలరాలిపోతాయి. గేజ్ అంటే బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపలి వెడల్పు కొలత, 12 కన్నా 20 సన్నది. 12 గేజ్ అయినా 20 గేజ్ అయినా ఫెజెంట్‌కి సరిపోతుంది. రెండూ ఇంట్లో ఉంటే మాత్రం షెల్స్ ఎప్పుడూ కలపకండి. 20 గేజ్ షెల్ పొరపాటున 12 గేజ్‌లో పడితే లోపలికి జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, దాని వెనక మరోటి వేసి పేలిస్తే బ్యారెల్ బద్దలవుతుంది. 20 గేజ్ షెల్స్ పసుపు రంగులో చేసేది ఈ భయంతోనే.

ఇక గుళ్ళ విషయం. సీసమా, ఉక్కా అన్నది మీరు ఏ నేల మీద వేటాడుతున్నారో దాన్ని బట్టి ఉంటుంది. కోడి కందనకాయ కోసినప్పుడు లోపల ఇసుక, చిన్న రాళ్ళు కనిపిస్తాయి కదా. బాతులు కూడా అలాగే రాళ్ళనుకుని చెరువు అడుగున పడిన సీసపు గుళ్ళు మింగి, విషమెక్కి చచ్చిపోయేవి. అందుకే 1991 నుంచి ఈ దేశమంతటా బాతుల వేటకి సీసం నిషేధం. ఫెడరల్ ప్రభుత్వానికి చెందిన బాతుల చెరువు భూముల్లో ఫెజెంట్‌ని వేటాడినా ఉక్కు లాంటి సీసం కాని గుళ్ళే వాడాలి. మనలాంటి సొంత పొలం లేనివాళ్లు ఎక్కువగా తిరిగేది అలాంటి చోట్లే, కాబట్టి మొదటి నుంచీ ఉక్కుకే అలవాటు పడండి. ఉక్కు తేలిక, దెబ్బ బలం త్వరగా తగ్గిపోతుంది, అందుకని రెండు సైజులు పెద్ద గుళ్ళు తీసుకోవాలి. ఇక్కడ నంబర్ తగ్గేకొద్దీ గుండు పెద్దదవుతుంది. సీసంలో 5 వాడేచోట నేను ఉక్కులో 3 వాడతాను, డిసెంబర్‌లో పక్షులు దూరం నుంచే లేస్తాయి కాబట్టి 2కి మారతాను. తాతల కాలం నాటి గన్ ఎవరైనా అమ్మజూపితే, దాని బ్యారెల్ ఉక్కుకి పనికొస్తుందో లేదో తుపాకులు బాగుచేసేవాళ్లకి చూపించాకే కొనండి.

మీరు తుపాకీ గురించి ముందు అడిగి కుక్క గురించి చివర్లో అడిగారు. నన్నడిగితే తిరగేసి అడగాల్సింది. మోకాలెత్తు గడ్డిలో మీ కాళ్ల పక్కనే ఫెజెంట్ పుంజు నక్కి కూర్చున్నా మీకు కనిపించదు. దాన్ని పట్టేది కుక్క ముక్కు.

నాది జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, పేరు రాణి. పక్షి వాసన తగలగానే ముందు కాలు ఒకటి మడిచి, తోక బిగదీసి, బొమ్మలా నిలబడిపోతుంది. లాబ్రడార్ మామూలుగా అలా నిలబడదు, నేరుగా దూకి పక్షిని లేపేస్తుంది. అందుకే మీ కుక్కపిల్లకి అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది మీకు ఇరవై గజాల లోపలే తిరగడం. అరవై గజాల అవతల లేచిన పుంజు మీకు చూడటానికే తప్ప దేనికీ పనికిరాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, దయచేసి మీరు చేయకండి. రాణికి ఐదు నెలలప్పుడు, చప్పుడు అలవాటవుతుందని క్లే షూటింగ్ (మట్టి బిళ్ళలు గాల్లోకి ఎగరేసి కాల్చే ఆట) జరిగే చోటికి తీసుకెళ్లాను. ఒకేసారి పదిమంది పేలుస్తున్నారు. నాలుగో పేలుడుకే అది కారు కిందకి దూరింది. బయటికి తీయడానికి చెయ్యి పెడితే ఒళ్ళంతా వణుకుతోంది, ఎప్పుడూ కరవనిది నా వేలు పట్టుకుంది. ఆ తర్వాత ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినా సోఫా వెనక్కి పోయేది. నా భార్య రెండు నెలలు పప్పు విడిగా గిన్నెలో ఉడికించింది.

బాగుచేయడానికి దాదాపు ఏడాది పట్టింది. వేటకుక్కలకి నేర్పే ఒక పెద్దాయన దారి చూపించాడు. ముందు తుపాకీ ఊసే లేదు. వారాల తరబడి పావురాలతో ఆడించి, పక్షి అంటే దానికి పిచ్చి పట్టేలా చేశాం. ఆ తర్వాత అది పావురం వెంట పరిగెడుతున్న క్షణంలో, వంద గజాల అవతల ఒకరు గుండు లేకుండా చప్పుడు మాత్రమే చేసే తూటాల పిస్టల్ పేల్చేవారు. అది వినిపించుకోనట్టే పరిగెత్తితే ఆ రోజుకి అక్కడితో ఆపేసేవాళ్లం. వారం వారం కొంచెం దగ్గరికి వచ్చాం. చెవి వెనక్కి వాలిందా, మళ్లీ వెనక్కి జరిగేవాళ్లం. చప్పుడు వచ్చిందంటే పక్షి ఉన్నట్టే అని దాని బుర్రలో పడాలి. మీ కుక్కపిల్లకి నెలలు లెక్కపెట్టకండి, పక్షి కోసం అది ఒళ్ళు మరిచిపోయే రోజు కోసం చూడండి.

పొలంలో ఒక్క నియమం మాత్రం ఎప్పుడూ తప్పకండి: పక్షి వెనక ఆకాశం కనిపించకపోతే కాల్చొద్దు. తక్కువ ఎత్తులో పోయే పక్షి వెనకే లాబ్రడార్ గాల్లోకి ఎగురుతుంది. పెట్టని కొట్టకూడదు, పుంజులే. పుంజుకి మెడ చుట్టూ తెల్ల పట్టీ, పొడుగు తోక ఉంటాయి, లేస్తూనే గట్టిగా అరుస్తుంది. ఇక్కడ వేట సమయం పొద్దున తొమ్మిది నుంచి సూర్యాస్తమయం దాకా. ఒక్కొక్కరు రోజుకి రెండు పుంజులు, డిసెంబర్ 1 నుంచి మూడు కొట్టొచ్చు.

దెబ్బ తిన్న పుంజు ఎగరలేకపోయినా పరిగెడుతుంది. పోయినేడు నేను కొట్టినది రెక్క విరిగి జమ్ములోకి పోయింది. నేను ఆశ వదులుకుని నిలబడ్డాను. పావుగంట తర్వాత రాణి బయటికి వచ్చింది, మీసాల మీద మంచు, ముక్కు మీద రక్తపు గీత, నోట్లో పుంజు ఇంకా బతికే ఉంది. కుక్క లేకపోతే ఆ జీవి రాత్రంతా అలా నరకపడి ఉండేది. ఆ ఒక్క కారణానికే కుక్క లేకుండా ఈ వేటకి వెళ్లడం నాకు ఇష్టం ఉండదు.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకునే వీలు లేదు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. మీరు ఏ వీసానో రాయలేదు, మీ దగ్గర రైఫిల్ ఇప్పటికే ఉందంటున్నారు కాబట్టి ఈ వారమే లాయర్‌ని అడగండి. 1979 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవాళ్లు లైసెన్స్‌కి ముందు తుపాకీ భద్రత కోర్సు కూడా చేయాలి.

ఈ సీజన్‌కి ఏమీ కొనకండి. ఆరెంజ్ చొక్కా, మంచి బూట్లు వేసుకుని ఒక శనివారం నాతో రండి. తుపాకీ లేకుండా నా వెనకే నడుస్తూ రాణి పని చేసే తీరు చూడండి. సాయంత్రం దాని కాలివేళ్ల మధ్య ముళ్ళు తీసి, కళ్ళల్లో చిక్కుకున్న గడ్డి గింజలు కడగడానికి ఇంకో మనిషి ఉంటే నాకూ సాయంగా ఉంటుంది.