ఐడీ టేబుల్‌లో రెండు వరుసలు చేరిస్తే ఆటోసస్పెండ్ వచ్చేస్తుందా?

మీ లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్‌లో రిలే బోర్డుకి ఆటోసస్పెండ్ (వాడకం లేనప్పుడు పరికరాన్ని దానంతటదే నిద్రపుచ్చడం) బాగానే నడుస్తోంది, ఇప్పుడు బార్‌కోడ్ స్కానర్‌నీ, ఫర్మ్‌వేర్ ఎక్కించాల్సిన కొలత పరికరాన్నీ అదే డ్రైవర్ కిందికి తేవాలి, ఐడీ టేబుల్‌లో (డ్రైవర్ నడిపే పరికరాల జాబితాలో) వాటి ఐడీలు చేరిస్తే చాలా అని కదా అడిగారు. చాలదు. నేనూ ఇలాంటి డ్రైవర్‌నే చూసుకుంటున్నాను కాబట్టి చెప్తున్నా.

ముందు ఒక్క ప్రశ్న తేల్చుకోండి: మాట ఎవరు మొదలుపెడతారు, హోస్టా (అంటే కంప్యూటరా), పరికరమా? రిలే బోర్డు అడిగితేనే పలుకుతుంది, కాబట్టి ప్రతి ట్రాన్స్‌ఫర్‌కి ముందు ఆటోపీఎమ్ గెట్ (పరికరాన్ని మెలకువగా ఉంచమనే కాల్), తర్వాత పుట్ (ఇక పడుకోవచ్చనే కాల్) పెడితే పని అయిపోతుంది. స్కానర్ అలా కాదు. సస్పెండ్‌లో మీరు ఇంటరప్ట్ యూఆర్‌బీని (స్కాన్ డేటా కోసం కాచుకుని ఉండే యూఎస్‌బీ రిక్వెస్ట్‌ని) ఆపేస్తారు, ఆ తర్వాత ఎవరైనా స్కాన్ చేస్తే రిమోట్ వేకప్ (పరికరమే హోస్ట్‌కి లేచానని సంకేతమివ్వడం) లేకుండా ఆ సంగతి హోస్ట్‌కి తెలిసే దారే లేదు. అందుకే ఓపెన్ ఫంక్షన్‌లో ఇంటర్‌ఫేస్‌కి (పరికరంలో మీ డ్రైవర్ నడిపే భాగానికి) నీడ్స్ రిమోట్ వేకప్ ఫ్లాగ్‌ని 1 చేసి, క్లోజ్‌లో 0 చేయాలి. కాన్ఫిగరేషన్ డిస్క్రిప్టర్‌లోని (పరికరం తన గురించి చెప్పుకునే సమాచారంలోని) బీఎమ్ యాట్రిబ్యూట్స్‌లో రిమోట్ వేకప్‌ని తెలిపే 5వ బిట్ లేని పరికరమైతే భయం లేదు, యూఎస్‌బీ కోర్ (కర్నెల్‌లోని ఉమ్మడి యూఎస్‌బీ భాగం) దాన్ని పడుకోనివ్వదు. డైనమిక్ డీబగ్ (కర్నెల్ డీబగ్ సందేశాలు) ఆన్ చేసి చూస్తే, ఆటోసస్పెండ్‌కి రిమోట్ వేకప్ కావాలని లాగ్‌లో వస్తుంది.

అసలు తలనొప్పి ఆ బిట్ పెట్టి మరీ అబద్ధమాడే పరికరాలతో. నా చేతికొచ్చిన ఒక స్కానర్ డిస్క్రిప్టర్‌లో వేకప్ ఉందంటుంది, ఒకసారి పడుకుంటే మాత్రం ఎంత స్కాన్ చేసినా లేవదు. ఇంకొకటి లేస్తుంది కానీ లేపిన ఆ మొదటి స్కాన్‌ని మింగేస్తుంది. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఇది ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. సపోర్ట్స్ ఆటోసస్పెండ్ ఫ్లాగ్ డ్రైవర్ మొత్తానికి ఒక్కటే కాబట్టి ఇలాంటివాటిని దానితో విడదీయలేం. ఐడీ టేబుల్‌లోని డ్రైవర్ ఇన్ఫోలో రకాన్ని రాసుకుని, ఆ రకానికి ఓపెన్‌లో తీసుకున్న గెట్‌ని క్లోజ్ దాకా వదలకండి. పోర్ట్ మూసి ఉన్నప్పుడైనా పడుకుంటుంది, నా దృష్టిలో అది చాలా మెరుగే.

కొలత పరికరం కథ వేరు. సిస్టమ్ సస్పెండ్‌లో పోర్ట్‌కి కరెంటు పోతే ఫర్మ్‌వేర్ కూడా పోతుంది. రీసెట్ రెజ్యూమ్ (కరెంటు పోయి వచ్చాక కోర్ పిలిచే ఫంక్షన్) రాయకపోతే కోర్ మీ డ్రైవర్‌ని విడదీసి మళ్లీ ప్రోబ్ చేస్తుంది (పరికరాన్ని కొత్తదానిలా డ్రైవర్‌కి అప్పగిస్తుంది), అప్పటికే ఫైల్ తెరిచి ఉన్న ప్రోగ్రామ్ గాల్లో ఉండిపోతుంది. ఫర్మ్‌వేర్ కాపీని ప్రోబ్‌లోనే మెమరీలో ఉంచుకోండి, రెజ్యూమ్ వేళకి డిస్క్ లేచి ఉంటుందన్న నమ్మకం లేదు.

సస్పెండ్ ఫంక్షన్ మాత్రం అన్నిటికీ ఒక్కటే ఉంచండి, రకానికొకటి కాపీ కొట్టొద్దు. రాత పని మధ్యలో ఉంటే ఈబిజీ (పనిలో ఉన్నాననే ఎర్రర్ కోడ్) తిప్పికొట్టొచ్చు, అదీ పీఎమ్‌ఎస్‌జీ ఈజ్ ఆటో నిజమైనప్పుడే, అంటే వచ్చింది ఆటోసస్పెండ్ అయినప్పుడే. యూజర్ ల్యాప్‌టాప్ మూత వేసినప్పుడు మొరాయించకూడదు. ఇంకో సంగతి, స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపు కోడ్ నిద్రపోకూడని తాళం) పట్టుకున్న చోట మామూలు గెట్ పిలవకూడదు, అది నిద్రపోగలదు. అక్కడ ఎసింక్ రకం (ఆగకుండా వెంటనే తిరిగొచ్చే గెట్) వాడి, యూఆర్‌బీని యాంకర్‌లో (యూఆర్‌బీలను దాచుకునే జాబితాలో) దాచి, రెజ్యూమ్‌లో పంపాలి. కర్నెల్‌లోని సీడీసీ ఏసీఎమ్ (యూఎస్‌బీ మోడెమ్‌ల) డ్రైవర్‌లో ఈ పద్ధతంతా శుభ్రంగా ఉంది, ముందు అది చదవండి.

పరికరంలో మీది కాని ఇంటర్‌ఫేస్ ఉండి, దాని డ్రైవర్‌కి ఆటోసస్పెండ్ రాకపోతే మీరెంత రాసినా మొత్తం పరికరం మెలకువగానే ఉంటుంది, అది మీ బగ్ అనుకుని రాత్రంతా కూర్చోకండి.

పరీక్షించేటప్పుడు సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ సెట్టింగ్‌లు ఫైళ్లుగా కనిపించే చోట) పవర్ కంట్రోల్‌ని ఆటో చేయండి, హబ్‌లు కానివాటికి మామూలుగా అది ఆన్‌లోనే, అంటే ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. మామూలు 2 సెకన్ల ఆలస్యంతో రేస్‌లు (రెండు పనుల క్రమం తారుమారైతే వచ్చే బగ్‌లు) బయటపడవు. ఆలస్యాన్ని 100 మిల్లీసెకన్లకి దించి, రాస్తూ ఆగుతూ ఉండే లూప్ ఒకటి నడిపి, పక్కన యూఎస్‌బీమాన్ (యూఎస్‌బీ రాకపోకలు చూపించే సాధనం) తెరిచి పెట్టుకోండి. సస్పెండ్ అయ్యాక ఒక్క యూఆర్‌బీ సబ్మిట్ కనిపించినా గెట్ ఎక్కడో తప్పిపోయినట్టే.