ఐదడుగుల ఎనిమిదంగుళాలతో ఐస్ హాకీ ఆడొచ్చా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆఫీసులో అందరూ హాకీ పిచ్చోళ్ళే. మాంట్రియల్ కెనేడియన్స్ (ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఓ జట్టు) కోచ్‌ని చూపించి, ఈయన ఒకప్పుడు మొత్తం లీగ్‌లోనే బెస్ట్ ప్లేయర్ అంటున్నారు. టీవీలో చూస్తే ఆటగాళ్ళ పక్కన చిన్నపిల్లాడిలా ఉన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నారా? – ఓ పాఠకుడు, ఒట్టావా

జవాబు: ఆటపట్టించట్లేదండీ, పైగా వాళ్ళు మీకు సగమే చెప్పారు. మార్టిన్ సెయింట్ లూయీ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, అదీ జట్టు కాగితాల మీద రాసింది, ఆ కాగితాల్లో ఓ అంగుళం దానం కలిసే ఉంటుందని హాకీ వాళ్ళే జోకులేసుకుంటారు. 1975లో క్యుబెక్‌లోని లావాల్‌లో పుట్టాడు, వెర్మాంట్ యూనివర్సిటీకి ఆడాడు, అమెరికా కాలేజీ హాకీలో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే హోబీ బేకర్ అవార్డుకి మూడుసార్లు ఫైనలిస్టు. ఇంత ఉన్నా ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా క్లబ్బులన్నీ వరసగా కుర్రాళ్ళని ఎంచుకునే తంతులో, ఒక్క జట్టు కూడా ఇతని పేరు ఎత్తలేదు.

1998లో కాల్గరీ ఫ్లేమ్స్ తీసుకుంది. ఇక్కడ కొంచెం ఆగుదాం. హాకీలో ఫార్వర్డ్‌లు ముగ్గురు ముగ్గురుగా నాలుగు లైన్లు ఉంటారు, పై రెండు లైన్ల పని గోల్స్ తేవడం, కింది లైన్ పని ఎక్కువగా అవతలోళ్ళని గుద్ది అలిసిపోయేలా చేయడం. కాల్గరీ ఇతన్ని ఆ కింది పనులకే ఎక్కువ వాడింది, అంటే గోల్ కొట్టడమే వచ్చిన మనిషికి గుద్దే డ్యూటీ ఇచ్చి, అదీ కాసేపే ఇచ్చి, గోల్స్ ఏవీ అని అడిగారన్నమాట. రెండు సీజన్లు కలిపి 69 మ్యాచ్‌లు, 4 గోల్స్. 2000లో మినెసోటా, కొలంబస్ అని రెండు కొత్త జట్లు లీగ్‌లోకి వచ్చాయి, పాత జట్లు కొంతమందిని వాటి ముందు పెట్టి కావాలంటే తీసుకోండి అనాలి, కాల్గరీ పెట్టినవాళ్ళలో ఇతనూ ఉన్నాడు, ఆ రెండు జట్లూ మాకొద్దన్నాయి. దాంతో కాల్గరీ కాంట్రాక్టు బయౌట్ చేసి, అంటే కొంత డబ్బిచ్చి కాంట్రాక్టు ముగించేసి, పంపించేసింది. అప్పటికి పాతికేళ్ళు.

అప్పుడు పిలిచింది టాంపా బే లైట్నింగ్. అది ఆ రోజుల్లో లీగ్ అట్టడుగున ఈదుతున్న జట్టు, కొత్తగా పోయేది ఏముందిలే అనుకుని ఉంటారు. మొదటి సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు, తర్వాత కాలు విరిగింది, తిరిగొచ్చి 33 కొట్టాడు, 2003-04లో 94 పాయింట్లతో (గోల్‌కి ఒకటి, గోల్‌కి దారితీసిన పాస్‌కి ఒకటి లెక్క) లీగ్ టాప్, ఎంవీపీకి, అంటే ఆ సీజన్‌లో జట్టుకి అందరికంటే విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా అతనికే. ఆ ఏడాది లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ ఎవరితో అనుకున్నారు? కాల్గరీతోనే. ఆరో మ్యాచ్ కాల్గరీలో, టాంపా ఓడితే కప్పు పోతుంది, ఆట రెండో ఓవర్‌టైమ్‌లోకి వెళ్ళింది, అర నిమిషం దాటిందో లేదో గోల్ కొట్టి ముగించేశాడు, వాళ్ళు పంపించేసిన మనిషి వాళ్ళ గ్రౌండ్‌లోనే. ఏడో మ్యాచ్ కూడా టాంపాదే. 2013లో 37 ఏళ్ళకి ఇంకోసారి లీగ్ టాప్ స్కోరర్, ఆ వయసులో అంతకుముందు ఎవరూ లేరు. మొత్తం 1,134 మ్యాచ్‌ల్లో 1,033 పాయింట్లు, 2018లో హాల్ ఆఫ్ ఫేమ్, 2022 ఫిబ్రవరిలో మాంట్రియల్ కోచ్.

దీన్ని అందరూ పట్టుదల కథగా చెప్తారు గానీ నాకు పూర్తిగా ఎక్కదు. పట్టుదల కాల్గరీలో మాత్రం లేదా? టాంపాలో మారింది అతనికిచ్చిన పని, దిగిన నిమిషాలు. ఆరడుగుల మూడంగుళాల కుర్రాడు ఏడాదంతా ఆడకపోయినా ఇంకా సెట్ అవుతున్నాడులే అని ఓపిక పడతారు, పొట్టోడు పది మ్యాచ్‌లు ఆడకపోతే మేం ముందే చెప్పాం కదా అంటారు. అసలు తేడా అక్కడుంది.

ప్రశ్న: లీగ్‌లో ఇప్పటిదాకా అందరికంటే పొట్టి ఫార్వర్డ్ ఎవరు? – ఓ స్టూడెంట్, బఫెలో

జవాబు: మీ ఊరి జట్టుకి ఆడినాయనే కదా! నేథన్ గెర్బీ. ఏ లిస్టు చూస్తున్నారనే దాన్నిబట్టి 5 అడుగుల 4 లేదా 5 అంగుళాలు. చరిత్ర మొత్తంలో ఆయనే అని నేను ఒట్టేయను గానీ ఈ కాలంలో మాత్రం ఆయనే. 2005 డ్రాఫ్ట్‌లో 142వ నంబర్‌లో బఫెలో తీసుకుంది, తర్వాత కరోలినా, తర్వాత స్విట్జర్లాండ్ వెళ్ళి ఆడాడు, అంతా అయిపోయింది అనుకున్నాక చిన్న లీగ్‌లోకి తిరిగొచ్చి 2020లో కొలంబస్ తరపున మళ్ళీ ఎన్‌హెచ్‌ఎల్‌లో దిగాడు.

ప్రశ్న: 2005లో రూల్స్ మార్చాకే పొట్టి ఆటగాళ్ళకి దారి దొరికిందని చదివాను. అంతకుముందు ఎవరూ లేరా? – ఓ పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఏమాటకామాట, ఆ మార్పు పెద్దదే. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో (జట్ల యజమానులకీ ఆటగాళ్ళకీ ఒప్పందం కుదరక ఆట ఆపేయడంలో) కొట్టుకుపోయింది, మళ్ళీ మొదలయ్యాక రిఫరీలు కర్రతో కొక్కెం వేసి లాగడం, చేత్తో పట్టి ఆపడం లాంటివాటికి కచ్చితంగా పెనాల్టీలు వేయడం మొదలెట్టారు, రెండు గీతలు దాటే పొడుగు పాస్‌ని కూడా ఒప్పుకున్నారు. అంతకుముందు ఏం జరిగేదంటే, స్పీడున్న చిన్నవాడు పక్కనుంచి దూసుకుపోతుంటే వెనకబడిన పెద్దాయన స్టిక్ చాచి నడుముకి తగిలించి వేలాడేవాడు, చాలాసార్లు విజిల్ ఉండేది కాదు. ఆ వేలాడటం తగ్గేసరికి స్పీడుకి విలువొచ్చింది. మీ న్యూజెర్సీ డెవిల్స్ జట్టుకి ఆడిన బ్రయాన్ జియోంటా, 5 అడుగుల 7 అంగుళాలు, లాకౌట్ ముందు సీజన్‌లో 21 గోల్స్, తర్వాతి సీజన్‌లో 48. క్లబ్ రికార్డు అది.

కానీ అంతకుముందు ఎవరూ లేరంటే నేనొప్పుకోను. మాంట్రియల్‌కి ఆడిన ఆన్రీ రిషార్‌ది జియోంటా ఎత్తే, ఆయన గెలిచిన స్టాన్లీ కప్పులు 11, ఆటగాడిగా ఇంకెవరికీ అన్ని లేవు. మార్సెల్ డియోన్ 5 అడుగుల 8 అంగుళాలు, 1,771 పాయింట్లు. థియో ఫ్లూరీ అయితే 5 అడుగుల 6 అంగుళాలు, 1987 డ్రాఫ్ట్‌లో 166వ నంబర్, 1989లో కప్పు, 1990-91లో 51 గోల్స్. సెయింట్ లూయీ ఎంవీపీ అయింది కూడా లాకౌట్‌కి ముందే. చెప్పొచ్చేదేంటంటే అసాధారణమైన పొట్టోళ్ళు ఎప్పుడూ ఉన్నారు, రూల్స్ మారాక మామూలుగా బాగా ఆడే పొట్టోళ్ళకి కూడా ఉద్యోగాలు దొరికాయి. ఈ రెండోదే నిజమైన మార్పు.

సెలెక్టర్ల భయం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. అలెక్స్ డెబ్రింకాట్ జూనియర్స్‌లో, అంటే కెనడాలో టీనేజ్ కుర్రాళ్ళ పెద్ద లీగ్‌లో, వరసగా రెండు సీజన్లు 51 గోల్స్ చొప్పున కొడితే 2016లో 39వ నంబర్ దాకా కూర్చోబెట్టారు. డిఫెన్స్‌లో ఇంకా కష్టం, గోల్ ముందు నుంచి పెద్దవాళ్ళని నెట్టాలి కదా, అయినా 5 అడుగుల 9 అంగుళాల లేన్ హట్సన్, 2022లో 62వ నంబర్, మాంట్రియల్‌కి ఆడి 2025లో బెస్ట్ రూకీగా (లీగ్‌లో కొత్త ఆటగాళ్ళలో బెస్ట్‌గా) కాల్డర్ ట్రోఫీ తీసుకున్నాడు. అక్కడ కోచ్ ఎవరో పై జవాబులో చదివారు కాబట్టి కారణం నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా బాబుకి 12 ఏళ్ళు, టీమ్‌లో అందరికంటే చిన్నవాడు. ఇంక అండర్-15కి వెళ్తే బాడీ చెకింగ్ (పక్ ఉన్నవాణ్ణి ఒంటితో గుద్ది ఆపడం) మొదలవుతుందట, వాళ్ళమ్మ మాన్పించేద్దాం అంటోంది, వాడేమో ఏడుస్తున్నాడు. ముందుముందు జూనియర్స్‌కా కాలేజీకా అని కూడా ఇప్పట్నుంచే తోటి పేరెంట్స్ తెగ చెప్తున్నారు. ఏం చేయమంటారు? – ఓ తండ్రి, ఎడ్మంటన్

జవాబు: ముందు ఆవిడ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి, న్యాయమైనదే. పొట్టివాడి తల సరిగ్గా ఎదుటివాడి భుజం, మోచెయ్యి ఎత్తులో ఉంటుంది. తలకి గుద్దితే పెనాల్టీ ఉంది నిజమే గానీ విజిల్ దెబ్బ తగిలాకే కదా మోగేది. అయితే అన్ని డివిజన్లలో చెకింగ్ ఉండదండీ, కింది స్థాయిల్లో చెకింగ్ లేని గ్రూపులు చాలాచోట్ల ఉన్నాయి, మీ అసోసియేషన్‌ని అడగండి, ఒకట్రెండేళ్ళు అక్కడ ఆడితే కొంపేం మునగదు.

ఇంక బోర్డుల సంగతి, అంటే రింక్ చుట్టూ ఉండే గోడలు. మూలకి వెళ్ళిన పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) కోసం పిల్లలు తల వంచుకుని తిన్నగా గోడ మీదకి పరిగెడతారు. బోర్డుకి పూర్తిగా ఒరిగి ఉంటే గుద్దినా ఒళ్ళంతా గోడకి ఆనుతుంది, దెబ్బ సర్దుకుంటుంది, దూరంగా ఉంటే జారిపోవచ్చు, అసలు ప్రమాదం మూడు నాలుగు అడుగుల దూరంలో వీపు అటు తిప్పి నిలబడ్డప్పుడు, అక్కడ తోస్తే తల ముందుకెళ్ళి బోర్డుకి కొట్టుకుంటుంది. అందుకని పక్ దగ్గరకి చేరేలోపే రెండు భుజాల మీదుగా వెనక్కి చూడటం, తిన్నగా కాకుండా ఏటవాలుగా వెళ్ళడం, మోకాళ్ళు బాగా వంచి నడుము కిందకి పెట్టడం, ఈ మూడూ అలవాటయ్యేదాకా కోచ్‌తో విడిగా చేయించండి. నడుము కిందకి ఉన్నవాణ్ణి పడగొట్టడం పొడుగోడికి చాలా కష్టం, పొట్టోడికి ఉన్న లాభం అదొక్కటే, దాన్ని వాడుకోవాలి. సెయింట్ లూయీ తొడలు చూడండి ఒకసారి, రహస్యమంతా అక్కడే.

ఇంకో చిన్న విషయం, ఎదిగే పిల్లాడు కదా అని పొడుగు స్టిక్ కొనకండి, చాలామంది తల్లిదండ్రులు ఇదే చేస్తారు. స్కేట్లు వేసుకుని నిలబడితే గడ్డం దగ్గరికి రావాలి. అంతకంటే పొడుగైతే నడుము పైకి లేచిపోతుంది, ఇంక పైన చెప్పిందంతా దండగ.

బాబు పుట్టింది ఏ నెలలో మీరు రాయలేదు. పిల్లల హాకీలో వయసు లెక్క జనవరి 1 నుంచి, కాబట్టి డిసెంబర్ పిల్లాడు జనవరి పిల్లాడితో దాదాపు ఏడాది తేడాతో ఒకే గ్రూపులో ఆడతాడు, పన్నెండు పదమూడేళ్ళప్పుడు ఆ ఏడాది చాలా పెద్దది. ఇప్పుడు చిన్నగా ఉన్నాడంటే ఎప్పటికీ చిన్నగానే ఉంటాడని కాదు, ఉంటే ఉండొచ్చు కూడా, ఎవరూ చెప్పలేరు.

జూనియర్సా కాలేజీయా అంటే, పొట్టివాళ్ళకి కాలేజీ బాగా కలిసొచ్చిందని చరిత్ర చెప్తోంది. మ్యాచ్‌లు తక్కువ, జిమ్ టైమ్ ఎక్కువ, ఇరవై రెండేళ్ళదాకా ఒళ్ళు కట్టుకోవచ్చు. బోస్టన్ కాలేజ్‌లో జెర్రీ యార్క్ అని కోచ్ ఉండేవాడు, ఆయన అక్కడ గెలిచిన జాతీయ టైటిళ్ళు నాలుగు, 2001, 2008, 2010, 2012. ఆ జట్లలో వరసగా చూస్తే జియోంటా, గెర్బీ, క్యామ్ అట్కిన్సన్, జానీ గోద్రో, ఒక్కడు కూడా 5 అడుగుల 9 అంగుళాలు దాటలేదు. గోద్రో 104వ నంబర్‌లో వచ్చి ఒకే సీజన్‌లో 115 పాయింట్లు చేశాడు (2024 ఆగస్టులో తమ్ముడితో కలిసి సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్ది ఇద్దరూ చనిపోయారు, ఆ వార్త ఇప్పటికీ మింగుడుపడదు). పైగా ఇదివరకు కెనడా మేజర్ జూనియర్స్ ఆడితే అమెరికా కాలేజీ తలుపులు మూసుకుపోయేవి, 2025 ఆగస్టు నుంచి ఆ అడ్డు తీసేశారు. కాబట్టి ఆ పేరెంట్స్ హడావుడి మీకు ఇప్పుడు అక్కర్లేదు, ఆ నిర్ణయానికి ఇంకా టైముంది.

ప్రశ్న: గోల్‌కీపర్ పొట్టిగా ఉంటే? కింద నడుము వంచి నిలబడటమే కదా. – ఓ పాఠకుడు, మినియాపోలిస్

జవాబు: ఇక్కడ మాత్రం ఆశ పెట్టనండీ. గోల్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. ఇప్పటి గోలీలు రెండు మోకాళ్ళూ మంచు మీద ఆనించి ప్యాడ్లు పక్కలకి పరిచి కింది భాగమంతా మూసేస్తారు, అలా కూర్చున్నాక భుజాలు ఎంత ఎత్తులో ఉన్నాయన్నదాని మీదే పై మూలలు మిగులుతాయి, షూటర్లు కొట్టేదీ అక్కడికే. 1929లో హార్ట్ ట్రోఫీ గెలిచిన రాయ్ వర్టర్స్ 5 అడుగుల 3 అంగుళాలే గానీ ఆ రోజుల్లో గోలీలు నిలబడే ఆపేవాళ్ళు. ఇప్పుడు నాష్‌విల్ గోలీ యూసె సారోస్ 5 అడుగుల 11 అంగుళాలుంటే అతన్నే పొట్టోడంటున్నారు, ఆరడుగుల డస్టిన్ వూల్ఫ్‌ని 2019లో 214వ నంబర్ దాకా ఎవరూ ముట్టుకోలేదు. మీ ఇంట్లో ఎవరైనా గోలీ అవుతానని పట్టుబడుతుంటే ఆడనివ్వండి, పక్కనే ఫార్వర్డ్‌గా కూడా ఆడించండి.