సొంతిల్లు: అడగండి, చెబుతాం

ప్రశ్న: మావారు ఆటో నడుపుతారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 34 వేలు వస్తాయి. అద్దె 8,500. ఏటా పెంచుతారు, లేదంటే ఖాళీ చేయమంటారు. ఇల్లు మారినప్పుడల్లా నా గిరాకీ మళ్ళీ మొదటికొస్తుంది. ఊరి చివర 60 గజాల్లో రెండు గదుల ఇల్లు 16 లక్షలకు చెబుతున్నారు. జీతం స్లిప్పు లేనివాళ్ళకు లోన్ ఇస్తారా? తీసుకుంటే గట్టెక్కగలమా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ఇస్తారు. ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అన్నదే అసలు లెక్క. బ్యాంకులు మామూలుగా రెండు మూడేళ్ళ ఐటీ రిటర్నులు, ఏడాది ఖాతా స్టేట్‌మెంటు, సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే మార్కు) చూస్తాయి. అవి లేవంటే మిమ్మల్ని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల వైపు పంపుతారు. వాళ్ళు మీ మిషను, ఆటో చూసి ఆదాయం అంచనా వేసుకుని లోన్ ఇస్తారు గానీ వడ్డీ ఎక్కువ. 12 లక్షలు 20 ఏళ్ళకు 9 శాతం మీద తీసుకుంటే నెల కిస్తీ 10,797. అదే 12 శాతమైతే 13,213. నెలకు 2,400 తేడా 20 ఏళ్ళలో 5.8 లక్షలవుతుంది.

మీ ఆదాయంలో 35 శాతం, అంటే 11,900 దాటి కిస్తీ పెట్టుకోవద్దు. ఆటో వారం రోజులు షెడ్డులో ఉన్నా ఇల్లు గడవాలి కదా. ఆ లెక్కన 9 శాతం వడ్డీకి దొరికితే 12 లక్షలు మోయగలరు, 12 శాతానికి మోయలేరు. కాబట్టి తొందర వద్దు. కుట్టు డబ్బులు, ఫోన్‌పే వసూళ్ళు, ఆటో రాబడి అన్నీ ఒకే ఖాతాలో పడేలా చూసుకోండి. పన్ను పడకపోయినా ఇద్దరూ రిటర్నులు వేయండి. కుట్టుపనికి ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితంగానే అవుతుంది. ఇలా రెండేళ్ళు చేస్తే ఆదాయం కాగితం మీద కనబడుతుంది. బ్యాంకు మేనేజరుకు కావలసింది అదే.

ఇక చేతిలో ఉండాల్సిన డబ్బు. 30 లక్షల లోపు లోన్‌కు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్‌బీఐ నిబంధన. మీకు 12 లక్షలే అనుకుందాం. మిగతా 4 లక్షలు, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం లెక్కన 1.2 లక్షలు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ప్రాసెసింగ్‌కు పాతిక వేల దాకా. మొత్తం ఐదున్నర లక్షలు. ఈ డబ్బు కోసం చీటీ పాడితే చీటీ కంతు, లోన్ కిస్తీ రెండూ కలిసి మీద పడతాయి. చాలామంది జారిపడేది ఇక్కడే. చీటీ పూర్తయ్యాకే ఇంటి మాట ఎత్తండి. డాక్యుమెంటులో తక్కువ ధర రాయిద్దామని అమ్మేవాళ్ళు అంటే ఒప్పుకోకండి. రాసిన ధర మీదే లోన్ వస్తుంది, మిగిలినదంతా మీరు నగదుగా సర్దాల్సివస్తుంది.

మీకు పట్టణ పీఎం ఆవాస్ యోజన 2.0 వడ్డీ సబ్సిడీ వర్తించే అవకాశం ఉంది. మీ ఏడాది ఆదాయం 4.08 లక్షలు గనుక 3 నుంచి 6 లక్షల వర్గంలోకి వస్తారు. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు మించకూడదు. దేశంలో ఎక్కడా మీ కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం చొప్పున, గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో లోన్ ఖాతాలో జమవుతుంది. మధ్యలో లోన్ తీర్చేస్తే మిగతా వాయిదాలు రావు.

కిస్తీ అద్దెలా ఏటా పెరగదు. కానీ ఫ్లోటింగ్ వడ్డీలో, అంటే మధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉండే వడ్డీలో ఓ మెలిక ఉంది. వడ్డీ 9 నుంచి 10 శాతం అయినప్పుడు బ్యాంకు కిస్తీని కదపకుండా గడువు పొడిగిస్తే మీ 20 ఏళ్ళు 26 ఏళ్ళవుతాయి. కిస్తీ అదే కాబట్టి మీకు తెలియను కూడా తెలియదు. అప్పుడు ఉత్తరం రాసిచ్చి కిస్తీ పెంచుకోండి, నెలకు 783 రూపాయలతో పోతుంది. ఎంపిక చేసుకునే హక్కు మీకుంది. ఫ్లోటింగ్ లోన్ ముందుగా కడితే జరిమానా లేదు. ఏటా ఒక్క కిస్తీ అదనంగా కట్టినా లోన్ మూడేళ్ళకు పైగా ముందే తీరుతుంది. లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి, చవక.

ప్రశ్న: సిటీ అంచున 80 గజాల జాగా 4 లక్షలకే ఇస్తామంటున్నారు. ప్రభుత్వం పేదలకిచ్చిన పట్టా, నోటరీ మీద రాసిస్తారట. చుట్టూ అందరూ ఇళ్ళు కట్టుకున్నారు, కరెంటు మీటరు కూడా ఉంది. కొనొచ్చా?

జవాబు: వద్దు. నోటరీ సంతకాన్ని ధ్రువీకరిస్తుంది, హక్కును మార్చదు. వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో అది అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు కేటాయించినది) అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు, స్వాధీనం చేసుకుంటే పరిహారం అడిగే దారి కూడా ఉండదు. కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు మీరక్కడ ఉంటున్నారని చెబుతాయి, జాగా మీదని చెప్పవు.

ఏ జాగా అయినా సరే, అడ్వాన్సు ఇచ్చేముందు సర్వే నంబరు అడగండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఆ నంబరు ఉందేమో వెతకండి. 30 ఏళ్ళ ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయండి. ఈసీలో ఏమీ లేదంటే అంతా బాగున్నట్టు కాదు. నోటరీ మీద ఇదివరకే నలుగురికి అమ్మినా ఈసీలో కనబడదు. లింకు డాక్యుమెంట్లు (జాగా ఇదివరకు చేతులు మారిన పత్రాలు) ఒరిజినల్ చూడండి, జిరాక్సులతో సరిపెడితే అనుమానించండి. చెరువు, నాలా దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు కూడని మేర) హద్దులు కనుక్కోండి. 2024 నుంచి హైదరాబాద్‌లో కూల్చివేతలు చూస్తూనే ఉన్నాం. చివరగా లైసెన్సున్న సర్వేయరుతో నాలుగు హద్దులూ కొలిపించండి.

చేతిలో డబ్బున్నా ఒకసారి లోన్‌కు అడిగి చూడండి. బ్యాంకు లాయరు వద్దన్న జాగాను నగదు పెట్టి కొనడం తెలివితక్కువ పని.

ప్రశ్న: ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. ఎలాగూ కడుతున్నాం కదా, కాస్త పెద్దదే కట్టుకుందామని మా పెద్దాయన పట్టు. (ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా)

జవాబు: 400 నుంచి 600 చదరపు అడుగుల్లోనే కట్టాలి. 5 లక్షలు నాలుగు విడతల్లో వస్తాయి: బేస్‌మెంట్‌కు లక్ష, గోడలకు 1.25 లక్షలు, స్లాబుకు 1.75 లక్షలు, పూర్తయ్యాక లక్ష. పని అయ్యాకే బిల్లు వస్తుంది కాబట్టి ప్రతి దశకూ పెట్టుబడి ముందు మీ చేతిలో ఉండాలి. పెద్ద పునాది తీస్తే పరిమితి దాటి బిల్లు ఆగుతుంది, ఇసుక, సిమెంటు బాకీలు ఆగవు. 2 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6 వేలు వడ్డీకే పోతాయి. టౌనులో అద్దె కట్టినట్టే!

500 అడుగుల స్లాబు 5 అంగుళాల మందంతో వేస్తే కాంక్రీటు 208 ఘనపుటడుగులు, సిమెంటు 47 బస్తాలు దగ్గర దగ్గర. మేస్త్రి 35 బస్తాలు చాలంటే ఒప్పుకోకండి. పోత సులువని నీళ్ళు ఎక్కువ కలిపితే స్లాబు ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది, రెండు వానలకు ఉరుస్తుంది. మడులు కట్టి 14 రోజులు నీళ్ళు నిలపండి, అప్పటిదాకా సెంటరింగ్ ముట్టుకోనివ్వకండి.

ప్రశ్న: పని పోయి రెండు కిస్తీలు తప్పాయి. ఇల్లు పోతుందా?

జవాబు: ఇప్పుడే కాదు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, తర్వాత సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్ళకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చేది) కింద 60 రోజుల నోటీసు ఇస్తారు. మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల వివాదాలు చూసే ట్రిబ్యునల్) వెళ్ళొచ్చు. ఈ ట్రిబ్యునళ్ళు హైదరాబాద్‌లో, విశాఖలో ఉన్నాయి. కానీ అంతదాకా రానివ్వకండి. మూడో కిస్తీ తప్పేలోపే బ్రాంచికి వెళ్ళి గడువు పెంచి కిస్తీ తగ్గించమని రాసివ్వండి, రసీదు తీసుకోండి. ఫోన్ ఎత్తకుండా దాక్కుంటే మీకే నష్టం. ఇక కట్టలేమని తేలితే వేలం దాకా ఆగకుండా బ్యాంకుకు చెప్పి మీరే అమ్ముకోండి, ధర మెరుగ్గా వస్తుంది.

ప్రశ్న: లోన్ తీరిపోయింది. ఇంకేమైనా చేయాలా?

జవాబు: నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం) తీసుకోండి. ఒరిజినల్ డాక్యుమెంట్లు 30 రోజుల్లో ఇవ్వాలి. తప్పు బ్యాంకుదైతే ఆ తర్వాత రోజుకు 5 వేల చొప్పున మీకు చెల్లించాలి. కాగితాలు అక్కడే లెక్కపెట్టుకుని, ఒక్క లింకు డాక్యుమెంటు తగ్గినా సంతకం పెట్టకండి. తనఖా రిజిస్టరై ఉంటే రద్దు పత్రం కూడా రిజిస్టర్ చేయించి, నెల తర్వాత కొత్త ఈసీ తీసి చూసుకోండి.