అబిస్కోలో గుడారం వేసుకోవాలనుకునే మనవాళ్లకు

స్వీడన్‌కు చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చిన మన పిల్లలు ఏటా అడిగే సందేహం ఒకటుంది: హోటలు గదులకు డబ్బు పెట్టుకోలేని వాళ్లం, గుడారం వేసుకుని ఆర్కిటిక్ వలయం దాటి నాలుగు రోజులు గడపవచ్చునా? తప్పకుండా గడపవచ్చు. స్టాక్‌హోంలో రాత్రి రైలెక్కితే మరునాడు స్వీడన్ ఉత్తరపు కొసన ఉన్న అబిస్కో ఊళ్లో దిగుతారు. దక్షిణాన ఉన్న హేమావాన్ ఊరి దాకా సుమారు 440 కిలోమీటర్లు సాగే కుంగ్స్‌లేడెన్ కాలిబాట అక్కడే మొదలవుతుంది. 'అల్లెమాన్స్‌రెట్టెన్' అనే ప్రజాహక్కు ఉన్నందువల్ల, ఇళ్లకూ పొలాలకూ దూరంగా ఒకటి రెండు రాత్రులు ఎవరినీ అడగకుండా, పైసా చెల్లించకుండా గుడారం వేసుకోవచ్చు. అబిస్కో జాతీయ ఉద్యానవనంలో మాత్రం నిర్దేశించిన చోట్లనే వేయాలి కనుక, మొదటి రోజు నడకను దానికి తగినట్టు చూసుకోండి. దారిలో కనిపించే రెయిన్‌డీర్ మందలు ఇక్కడి ఆదివాసులైన సామీ ప్రజల జీవనాధారం. వాటిని బెదరగొట్టకుండా దూరంగా తప్పుకోవాలి.

నేలకు అద్దె లేదు కాబట్టి ఖర్చంతా సామానుదే, పొరపాట్లు జరిగేదీ అక్కడే. మొదటిసారి నేను గుడారానికీ స్లీపింగ్ బ్యాగుకూ డబ్బు పోసి, కింద పరుచుకోవడానికి పల్చటి యోగా చాప తీసుకుపోయాను. సెప్టెంబరు మొదటివారం. అర్ధరాత్రి దాటాక ఛాతీ వెచ్చగానే ఉన్నా, వీపు మంచుగడ్డకు ఆనించినట్టు లాగేసింది. తెల్లవారేసరికి గుడారం లోపలి గుడ్డ మీద మా ఊపిరి తేమే తెల్లగా పేరుకుని, చెయ్యి తగలగానే మొహం మీద పొడిపొడిగా రాలింది. మన బరువుకు బ్యాగు అడుగుభాగం అణిగిపోయి వెచ్చదనాన్ని నిలపలేదు. నేల చలిని ఆపవలసింది చాపే. అందుకే గుడారం పాతది కొన్నా ఫరవాలేదు, చాప దగ్గర మాత్రం పొదుపు చేయవద్దని నా గట్టి సలహా. కింద ఫోమ్ చాప, పైన గాలి నింపే చాప వేసుకోండి. బ్యాగు మీద ముద్రించే ఉష్ణోగ్రతల్లో 'కంఫర్ట్' అన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. 'ఎక్స్‌ట్రీమ్' అన్నది ప్రాణం నిలవడానికే తప్ప నిద్రకు కాదు. ఒక జత ఉన్ని బట్టలు ప్లాస్టిక్ సంచిలో కట్టి, పడుకునేటప్పుడు తప్ప తీయకుండా ఉంచుకోండి. నూలు బట్టలు తడిస్తే ఆ చలిలో ఆరవు.

పొయ్యికి ఇంధనం విమానంలో తీసుకుపోనివ్వరు, చేరాక కొనుక్కోవాలి. ఒట్టి బ్యూటేన్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర సరిగా వెలగదు. ప్రొపేన్ కలిసినది తీసుకోండి, లేదా ఇక్కడివాళ్లు వాడే ట్రాంగియా స్పిరిట్ పొయ్యి సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. పప్పు ఉడకబెట్టాలని చూస్తే ఇంధనమంతా దానికే సరిపోతుంది. ఇంట్లోనే రవ్వ వేయించి, తాలింపు కలిపి డబ్బాలో పోసుకుంటే, మరిగే నీళ్లలో వేసి మూతపెట్టిన కాసేపటికి ఉప్మా సిద్ధం. అటుకులు, కందిపొడి కూడా అలాగే అక్కరకు వస్తాయి. ఎంత చలిగా ఉన్నా పొయ్యిని గుడారం లోపల వెలిగించవద్దు; రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

జూలైలో దోమలు విపరీతం, ఆగస్టు చివరికి తగ్గుతాయి. ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు కాబట్టి ఏ రోజుకు తిరిగొస్తారో ఊళ్లో ఒకరికి రాసిచ్చి బయలుదేరండి. ఇదే పద్ధతిలో, ఇంకా ఉత్తరాన ఉన్న నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌కు మాత్రం వెళ్లవద్దు. అక్కడ ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఊరు దాటితే అనుభవజ్ఞుడైన గైడు తోడుండాలి.