ఏఐతో చేయించిన బొమ్మ నిజమైన కళ అవుతుందా? ముఖచిత్రాలు రూపొందించేవాడిగా నా సమాధానం

ఏఐతో చేయించిన బొమ్మలను కళ అనవచ్చా, వాటితో గుంటూరులో ఒక ప్రదర్శన పెడితే నన్ను నేను చిత్రకారుడినని చెప్పుకోవచ్చా అని మీరు అడిగారు. బొమ్మలో కనిపించే నిర్ణయాలలో ఎన్నింటిని మీరు తెలిసి, కావాలని తీసుకున్నారో అంతమేరకు అది మీ కళ అవుతుందని, మిగిలినదంతా యంత్రం ఎవరు అడిగినా ఇచ్చేదేనని నా అభిప్రాయం. విజయవాడ ఏలూరు రోడ్డులోని ప్రచురణకర్తలకు చాలా ఏళ్లుగా పుస్తకాలు రూపొందిస్తూ, చిత్రకారులతోనూ ఈమధ్య ఏఐతోనూ పనిచేసినవాడిని కనుక, ఈ అభిప్రాయం ఎలా ఏర్పడిందో వివరంగా చెబుతాను.

గుంటూరు ప్రాంతపు మిర్చి కూలీల గురించిన ఒక కథల సంపుటికి ముఖచిత్రం కావలసి వచ్చింది. కల్లాల్లోనూ కోల్డ్ స్టోరేజీల ఆవరణల్లోనూ కూర్చుని తొడిమలు తీసే, తాలుకాయలు ఏరే స్త్రీల జీవితమే ఆ పుస్తకం. ప్రచురణకర్త తొందరపడుతున్నందున ముందుగా ఏఐకి విషయం చెప్పి బొమ్మ అడిగాము. ఎర్రని మిరపకాయల రాశి, దాని పక్కన అదే రంగు చీరలో ఒక యువతి, సాయంకాలపు బంగారు వెలుగు, పెదవులపై చిరునవ్వు వచ్చాయి. రంగుల పొందికలో గానీ వెలుగునీడల్లో గానీ వంక పెట్టడానికి ఏమీ లేదు. రచయిత్రి ఆ బొమ్మను కాసేపు చూసి, "ఈ అమ్మాయి ఎప్పుడైనా తుమ్మిందా అండీ?" అని మాత్రం అడిగారు. ముక్కూ నోరూ మూసేలా కొంగో తువ్వాలో చుట్టుకోకుండా ఆ ఘాటులో పూటంతా కూర్చోవడం ఎంత కష్టమో మిర్చి యార్డు గేటు దాకా వెళ్లినవారికి కూడా తెలుస్తుంది.

తరువాత ఆ పనిని తెనాలి వైపు నుంచి వచ్చే ఒక చిత్రకారుడికి అప్పగించాము. ఆయన కథలన్నీ చదివి, యార్డుకు వెళ్లి, తిరిగి వచ్చి నలుపు తెలుపుల్లో ఒక బొమ్మ గీశారు. అందులో ఒక తల్లి తువ్వాలు చుట్టుకుని ఉంటుంది, కళ్లు తప్ప ముఖం కనిపించదు. ఏడుస్తున్న పసిబిడ్డను ఆమె అరచేతులు తగలనీయకుండా మోచేతుల మధ్యకు తీసుకుంటూ ఉంటుంది, ఎందుకంటే ఆ వేళ్లకు మిరప మంట ఉంది. ఈ మోచేతుల సంగతి సంపుటిలోని ఏ కథలోనూ లేదు. రచయిత్రి ఆ బొమ్మను చూసి చాలాసేపు మాట్లాడలేదు. కథల్లో తాను రాయలేకపోయినది ఈ బొమ్మలో ఉందని చివరకు అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఈ వృత్తిలో తరచుగా దొరికేది కాదు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. అదే దృశ్యాన్ని మాటల్లో వివరించి ఏఐని అడిగితే ఇవ్వదా? ఇస్తుంది. తెలుసుకోవాలని నేను అడిగి చూశాను. కొన్ని మార్పుల తరువాత మోచేతుల భంగిమతో సహా చాలా దగ్గరగా వచ్చింది. అయితే బిడ్డను అలా ఎత్తుకుంటారని చూసినది యంత్రం కాదు, యార్డుకు వెళ్లిన మనిషి. ఆ చిత్రకారుడే తాను చూసినదాన్ని ఏఐకి చెప్పి, వచ్చినవాటిలో తప్పులు పట్టి, తనకు కావలసినది వచ్చేదాకా వదలకుండా ఉంటే, ఆ ఫలితాన్ని కళ అనడానికి నేను వెనుకాడను. ఆయన గీతలోని బరువు, కుంచె ఆగిన చోటు అందులో ఉండవు కనుక, అది వేరే రకపు కళ, చూసేవారికి కొంత తక్కువే దక్కే కళ అవుతుంది.

మొదటి బొమ్మ అలా ఎందుకు వచ్చిందో ఆ పరికరం పనిచేసే తీరులోనే ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్ వంటి, మాటలిస్తే బొమ్మ చేసే ఏఐ నమూనాలను ఇంటర్నెట్ నుంచి సేకరించిన బొమ్మలు, వాటి పక్కనున్న వివరణల జతలతో తయారు చేశారు. లాయన్-5బి అనే సంకలనంలోనే అలాంటి జతలు సుమారు 585 కోట్లు ఉన్నాయి. బొమ్మలకు క్రమంగా చుక్కల గందరగోళాన్ని కలిపి, దాన్ని తొలగించడం నేర్పుతారు. ఆ తరువాత వట్టి గందరగోళం నుంచే, మనం ఇచ్చిన మాటలకు తగిన బొమ్మను అది బయటకు తీస్తుంది. మనం చెప్పకుండా వదిలిన ప్రతి చోటా అది నేర్చుకున్నవాటిలో ఎక్కువగా కనిపించినదే వచ్చి కూర్చుంటుంది. ఆ చిరునవ్వు అలా వచ్చినదేనని నేను అనుకుంటున్నాను.

యంత్రం ఉంది కనుక కళ కాదనే వాదనను మాత్రం నేను ఒప్పుకోను. మనకు దగ్గరలోని పెడనలో కలంకారీ అద్దకం చూడండి. చెక్క అచ్చును చెక్కేవారు ఒకరు, దాన్ని గుడ్డపై అద్దేవారు మరొకరు, అదే అచ్చు మళ్లీ మళ్లీ పడుతుంది, అయినా అది కళ కాదని ఎవరూ అనరు. పడిన శ్రమను లెక్కపెట్టి తేల్చడం కూడా కుదరదు. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ఉత్సవంలో డిజిటల్ విభాగపు మొదటి బహుమతి పొందిన జేసన్ అలెన్, మిడ్‌జర్నీ అనే బొమ్మల ఏఐకి కనీసం 624 సార్లు సూచనలు ఇచ్చానని చెప్పారు. అయినా 2023 సెప్టెంబరులో అక్కడి కాపీరైట్ కార్యాలయం ఆ బొమ్మ నమోదును నిరాకరించింది. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో, 1994 సవరణ తరువాత, కంప్యూటర్ ద్వారా తయారైన కృతికి దాన్ని తయారు చేయించిన వ్యక్తినే కర్తగా చెప్పే నిబంధన ఉంది. అది ఇప్పటి ఏఐని దృష్టిలో పెట్టుకుని రాసినది కాదు. పైగా కర్త ఎవరో చెప్పే చట్టం కళ ఏదో చెప్పదు.

నన్ను నిజంగా బాధపెట్టేది మరొకటి ఉంది. ఒక ప్రచురణకర్త నన్ను పిలిచి, బాపు గీతలా కనిపించే బొమ్మలు ఏఐతో చేసి పెట్టమన్నారు. నేను చేయనని చెప్పాను. 2014లో వెళ్లిపోయిన ఆ మనిషి ఒక్క గీతతో ముఖాన్ని నిలబెట్టడానికి ఏళ్ల తరబడి ఎన్ని గీతలను వదులుకుని ఉంటారో, ఆ వదులుకోవడమే ఆ బొమ్మలకు ప్రాణం. దాని పైపై రూపాన్ని అడిగి తెచ్చుకోవడం నాకు అవమానకరంగా తోస్తుంది. బతికి ఉన్న చిత్రకారుల పరిస్థితి ఇంకా కష్టం. వారిని అడగకుండా, వారికి రూపాయి ఇవ్వకుండా నేర్చుకున్న యంత్రమే ఇప్పుడు వారి పనిని తక్కువ ధరకు చేస్తోంది. ఫ్లెక్సీలు వచ్చినప్పుడు మా ఊళ్లో సినిమా బ్యానర్లు గీసేవారి పని పోయింది. అయితే ఆ ఫ్లెక్సీ యంత్రం వారి బొమ్మలను తిని పెరగలేదు.

కాబట్టి ప్రదర్శన పెట్టండి. అయితే ప్రతి బొమ్మ కింద ఏ పరికరం వాడారో, మీరు ఏమి మార్చారో, ఎవరి శైలినైనా పేరు పెట్టి అడిగారో రాయండి. 2023లో సోనీ ప్రపంచ ఛాయాచిత్ర పోటీలో బహుమతి వచ్చిన బోరిస్ ఎల్డాగ్సెన్, తనది ఏఐ బొమ్మ అని, ఛాయాచిత్రం కాదని చెప్పి బహుమతిని తిరస్కరించారు. ఆ మాత్రం స్పష్టత చూసేవారికి దక్కాలి. ఈ చేయి ఇలా ఎందుకుంది, ఈ వెలుగు ఇటు నుంచే ఎందుకు పడింది అని ఎవరైనా అడిగితే చెప్పగలిగిన బొమ్మలనే గోడకు ఎక్కించండి. అలాంటివి నాలుగే మిగిలితే నాలుగే పెట్టండి. వాటి ముందు నిలబడి మిమ్మల్ని చిత్రకారుడు అని పిలవడానికి నాకు అభ్యంతరం లేదు.