మళ్ళీ బేస్ గిటార్ పట్టిన మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నీ ఉత్తరం అందింది. పద్దెనిమిదేళ్ళ తరువాత అటక మీద నుంచి బేస్ గిటార్ దించావనీ, తీగలు తుప్పు పట్టి, నెక్, అంటే ఫ్రెట్లనే లోహపు మెట్లు బిగించి ఉండే మెడ భాగం, విల్లులా వంగి ఉన్నదనీ రాశావు. దాన్ని అమ్మేసి లక్షన్నర పెట్టి బ్యాటరీతో నడిచే ఐదు తీగల యాక్టివ్ బేస్ కొనుక్కోవాలా, లేక పాతదానికే, తీగల మోతను విద్యుత్ సంకేతంగా మార్చే ఖరీదైన పికప్‌లు వేయించుకోవాలా అని అడిగావు. రెండూ ఇప్పుడు వద్దని నా సలహా. ఈ ఆరు నెలలు నీవు పట్టించుకోవలసినది ఒక్కటే: మీటిన స్వరం ఎంతసేపు మోగాలి, ఎక్కడ ఆగాలి అన్నది. తీగల ఎంపిక, పికప్‌లు, చివరికి కొత్త వాద్యం కొనాలా అక్కరలేదా అన్న ప్రశ్న కూడా ఆ చెవి కుదిరిన తరువాతే తేలుతాయి.

నాకు ఇది తెలిసిన తీరు చెబుతాను. సికింద్రాబాద్‌లో పెళ్ళి ఆర్కెస్ట్రాలలో వాయించే తొలి రోజుల్లో నేను ప్రతి స్వరాన్నీ తరువాతి స్వరం వచ్చేదాకా మోగనిచ్చేవాణ్ణి. అదే నిండుదనమని నా భ్రమ. మా బృందంలోని పెద్ద ఢోలక్ విద్వాంసుడు ఒకరోజు రిహార్సల్ ఆపి, "నీ తీగ నా దెబ్బ మీదకు పారుతోంది నాయనా, కాస్త కట్ట వెయ్యి" అన్నారు. ఆ సాయంత్రం రెండో దెబ్బ పడే ముందు స్వరాన్ని తుంచడం మొదలుపెట్టాను. కొత్తగా ఏమీ వాయించకుండానే పాట నడక మారిపోయింది.

ముందు పాత బేస్ సంగతి చూద్దాం. సరిగ్గా శ్రుతి చేసిన నాలుగు తీగలూ కలిపి నెక్‌ను 70 కిలోలకు పైగా బలంతో లాగుతాయి కనుక, నెక్ వంగిందని నీవు బెంబేలు పడనక్కరలేదు. ఆ లాగుడును ఎదుర్కోవడానికే నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. 45 నుంచి 105 కొలత (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన తీగ మందం) గల మామూలు తీగల సెట్టు వేసి, శ్రుతి చేసి, ఒక రోజు అలా వదిలెయ్యి. మరునాడు లావు తీగను మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, నెక్ శరీరాన్ని కలిసే చోట మరో చేత్తో నొక్కి పట్టి, ఏడో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఉన్న సందును చూడు. అక్కడ ఒక విజిటింగ్ కార్డు, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్ల మందం, తీగను కదల్చకుండా దూరితే సరిపోతుంది. అంతకంటె ఎక్కువ సందు ఉంటే ట్రస్ రాడ్ నట్టును కుడివైపుకు పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, కొన్ని గంటలు ఆగి చూడాలి. నట్టు మొరాయిస్తే బలం పెట్టవద్దు. పనివాడి దగ్గరకు తీసుకువెళ్ళు.

ఇక్కడ నేను చేసిన తప్పు నీవు చేయకు. 5 మిల్లీమీటర్ల నట్టులో నేను 3/16 అంగుళం అలెన్ కీ పెట్టాను. అది 4.76 మిల్లీమీటర్లే, లోపలికి వెళ్ళింది, పట్టినట్టే అనిపించింది, కాస్త గట్టిగా తిప్పగానే నట్టు లోపలి మూలలు అరిగి గుండ్రమయ్యాయి. ఇంట్లో డబ్బాలో దొరికిన కీ కాకుండా, నీ బేస్‌కు అంగుళాల కొలత కావాలో మిల్లీమీటర్ల కొలత కావాలో తెలుసుకుని సరైన కీ కొనుక్కో.

నెక్ కుదిరాక, తీగల కింది చివరలు ఆనుకునే బ్రిడ్జి దగ్గర ఒక్కొక్క తీగను మోసే సాడిళ్ళతో తీగల ఎత్తు సరిచేయాలి. పదిహేడో మెట్టు దగ్గర 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు చాలామందికి సుఖంగా ఉంటుంది. ఆపైన పన్నెండో మెట్టు మీద తీగను తాకీ తాకకుండా మీటినప్పుడు వచ్చే ధ్వనినీ, అదే మెట్టు నొక్కి మీటినప్పుడు వచ్చే ధ్వనినీ ట్యూనర్‌లో పోల్చు. నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువగా చూపిస్తే సాడిల్‌ను వెనక్కు, తక్కువగా చూపిస్తే ముందుకు జరపాలి. విశాఖలో సముద్రపు గాలి ఉక్కును ఊరికే ఉండనివ్వదు కనుక, వాయించిన ప్రతిసారీ తీగలను పొడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టు.

సాధన విషయానికి వస్తే, రోజూ ఇరవై నిమిషాలు చాలు. వారమంతా ఊరుకుని ఆదివారం మూడు గంటలు వాయిస్తే వేళ్ళు బొబ్బలెక్కి, మరుసటి వారం కూడా పోతుంది. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, మూడో తీగ మీద మూడో మెట్టు నొక్కి, ఒకే స్వరాన్ని నాలుగు దెబ్బల పాటు మోగించు. తరువాత సరిగ్గా మూడో దెబ్బ మీద ఆపు. ఆ తరువాత రెండో దెబ్బ మీద. చివరగా రెండు దెబ్బల నడుమ. ఆపేటప్పుడు ఎడమచేతి వేలు తీగను పూర్తిగా వదలకూడదు, మెట్టు మీది ఒత్తిడి మాత్రమే తీయాలి. వేలు తీగను ఆనుకుని ఉంటేనే మోత ఆరుతుంది. కుడి బొటనవేలు ఎప్పుడూ పికప్ మీదే ఉండనక్కరలేదు. సన్నని తీగల మీదకు వెళ్ళినప్పుడు అది లావు తీగ మీదకు దిగి దాని నోరు మూయాలి. ఎడమచేతికి మెట్టుకొక వేలు చొప్పున చాచే పద్ధతిని నెక్ మొదటి భాగంలో పట్టుపట్టవద్దు. అక్కడ మెట్లు ఎడంగా ఉంటాయి, మన వయసులో మణికట్టు మొరాయిస్తుంది. నిలువు బేస్ వాయించేవారిలా చూపుడువేలు, నడిమివేలు, తక్కిన రెండూ జంటగా, ఇలా మూడు మెట్లే పట్టుకుని చేతిని జరుపుకోవడం మేలు. వాయించినది ఫోన్‌లో రికార్డు చేసుకో, కానీ వినడం హెడ్‌ఫోన్లతో విను; లావు తీగ విడిగా పలికే ధ్వని సెకనుకు 41 కంపనాలు మాత్రమే, దాన్ని ఫోన్ స్పీకర్ పలికించలేదు.

మార్పులు చేయాలని చేతులు ఊరుకోవని నాకు తెలుసు. అయితే చవకగా, వెనక్కు తీసుకోగలిగినవాటితో మొదలుపెట్టు. బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చి చూడు, ఐదు రూపాయల ఖర్చు కూడా ఉండదు. స్వరం పొట్టిగా, గుండ్రంగా దిగుతుంది. అది నచ్చితే పైచుట్టు చదునుగా, నునుపుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయించు; వాటి లాగుడు తరచు ఎక్కువగా ఉంటుంది కనుక నెక్‌ను మళ్ళీ చూసుకోవాలి. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే సంగీత సంస్థ రికార్డింగులకు వాయించిన జేమ్స్ జేమర్సన్ ఇలాంటి తీగలతోనే, బ్రిడ్జి మూత కింద స్పాంజితోనే, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించారు. తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదు. నీ బేస్‌లో రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట గల) పికప్‌లు ఉన్నాయి కనుక, రెండు వాల్యూములూ సమానంగా ఉంచితే గుర్రుమనే రొద అణుగుతుంది, ఒకటి తగ్గిస్తే బయటపడుతుంది. అది పికప్ చెడిపోవడం కాదు. లోపలి గుంతలకు రాగి రేకు అంటించి ఎర్తుకు కలిపితే కొంతవరకు తగ్గుతుంది. వాల్యూము, టోన్ తిప్పే బొత్తాల కింది పాట్‌లు గరగరలాడితే 250 కిలో ఓమ్‌లవే వేయించు. ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్తు పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీయించకు, చేతిలో ఉన్నవి లోహపు తీగలని మరచిపోవద్దు. పికప్‌ల మార్పు అన్నిటికంటె ఆఖరు. ఏది మార్చినా పాత భాగాలు కవరులో దాచు, చెక్కకు మాత్రం కొత్త రంధ్రం వేయనివ్వకు. అమ్మబోయినప్పుడు ఆ రెండూ ధరలో కనిపిస్తాయి.

ఇంత చెప్పినా కొత్తది కొనాలనే అనిపిస్తే, ఐదు తీగలది వద్దనే అంటాను. ఐదో తీగ వస్తే ఆపవలసిన తీగ ఇంకొకటి పెరుగుతుంది. యాక్టివ్ బేస్‌లో బ్యాటరీ ఉంటుంది, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది కరుగుతూనే ఉంటుంది. నేను ఒక పెళ్ళిలో రాత్రి కేబుల్ పీకకుండా పడుకుని, పొద్దున ముహూర్తానికి మూగ బేస్‌తో నిలబడ్డాను. అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ నమూనా, 1960లో వచ్చిన జాజ్ నమూనా, ఈ రెండింటి పోలికలో వచ్చేవే నేటికీ ఎక్కువ. జాజ్ నెక్ పైభాగంలో 38 మిల్లీమీటర్ల వెడల్పు, ప్రెసిషన్‌ది అంతకంటె ఎక్కువ. నీ చిన్న చేతులకు జాజ్ గానీ, 34 అంగుళాలకు బదులు 30 అంగుళాల తీగ పొడవు గల పొట్టి బేస్ గానీ నప్పుతుంది. వాడినది కొనేటప్పుడు నెక్ మెలి తిరిగి ఉంటే ఎంత చవక అయినా లేచి రా. సన్నని తీగ మీద అయిదో మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా ఒక్కొక్కటి మీటి విను. ఒక స్వరం మిగతావాటికంటె త్వరగా చచ్చిపోతే అది ఆ చెక్క గుణం, పికప్ మార్చినా పోదు. బరువు నాలుగు కిలోలు దాటితే అరగంట భుజాన వేసుకుని నిలబడి చూసి గానీ డబ్బు ఇవ్వకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత బేస్‌ను, నీవు కొన్న అలెన్ కీని కూడా తీసుకురా. నా దగ్గర వాడని ఫ్లాట్‌వౌండ్ సెట్టు ఒకటి ఉంది, ఇద్దరం కూర్చుని వేద్దాం. స్పాంజి ముక్క మీ అత్తయ్య వంటింట్లోంచి ఇస్తానంది.

ఇట్లు,
మామయ్య